కుక్క కంటి దగ్గర గడ్డ కనిపించినప్పుడు: చూడటం మొదలు కుట్లు విప్పే దాకా

మా చిట్టికి 9 ఏళ్ల వయసులో ఎడమ కంటి పై రెప్ప అంచున నువ్వుగింజంత నల్లటి చుక్క కనిపించింది. గోమారి పట్టుకుందనుకుని పట్టకారు తెచ్చుకుని, దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టార్చి వెలుతురు పక్కనుంచి వేసి చూస్తే, గోమారికి ఉండవలసిన కాళ్లు లేవు. ఆ చుక్క రెప్పకు అంటుకుని లేదు, రెప్ప అంచులోంచే మొలిచింది. పైభాగం గరుకుగా, చిన్న చిన్న బుడిపెలుగా ఉంది. దాని కింద కన్నీటి చార ఎండి గోధుమరంగు పొలుసు కట్టింది. ఆ రోజు పట్టకారుతో లాగకుండా ఆగినందుకు ఇప్పటికీ ఊరటగా ఉంటుంది. కానీ చిన్నదే కదా అని నాలుగు నెలలు ఊరుకున్నందుకు బాధ మాత్రం పోలేదు. నాలుగో నెల వచ్చేసరికి చిట్టి ఆ కన్ను సగమే తెరిచేది. రెప్ప వేసిన ప్రతిసారీ ఆ గడ్డ కార్నియాను, అంటే కంటి ముందుండే అద్దం లాంటి పొరను, గీస్తూ వచ్చింది.

అది క్యాన్సర్ కాదని తరువాత పరీక్షలో తేలింది. అయినా కన్ను పుండు పడనే పడింది. అందుకే కంటి దగ్గర గడ్డ కనిపించిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒకటే. ఇది క్యాన్సరా కాదా అని భయపడటానికి ముందు, ఇది సరిగ్గా ఎక్కడుందో చూడండి. రెప్ప అంచున ఉందా, మూడో రెప్ప మీద ఉందా, తెల్లగుడ్డు మీదా, కంటి లోపలా, వెనకా? ఎంత తొందరపడాలి, ఏ పరీక్ష చేయించాలి, ఏ చికిత్స ఎంచుకోవాలి అన్నవన్నీ దాన్ని బట్టే మారతాయి.

1. ముందుగా కంటిని సరిగ్గా చూడండి

పగటి వెలుతురులో, కిటికీ పక్కన కుక్కను కూర్చోబెట్టండి. దానికి బాగా అలవాటైనవారు పక్కన ఉండి గడ్డం కింద చేయి వేసి పట్టుకుంటే చాలు, గట్టిగా అదిమి పట్టుకోవద్దు. మీ చేతులు కడుక్కోండి. బొటనవేలిని కనుబొమ ఎముక మీద ఆనించి, చర్మాన్ని మెల్లగా పైకి లాగితే పై రెప్ప అంచు పూర్తిగా కనిపిస్తుంది. కింది రెప్పకు చెంప ఎముక మీద వేలు ఆనించి కిందికి లాగండి. వేలు ఎప్పుడూ ఎముక మీదే ఉండాలి, కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు.

ఇప్పుడు టార్చి వెలుతురును ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయండి. గడ్డ చిన్నదైనా దాని నీడ పడి ఎత్తు తెలుస్తుంది. రెప్ప అంచు, రెప్ప లోపలి గులాబీరంగు పొర, ముక్కు వైపు మూలలో ఉండే మూడో రెప్ప, తెల్లగుడ్డు, తెల్లగుడ్డూ కార్నియా కలిసే గీత, లోపలి రంగు వలయం, మధ్యలో నల్లటి కంటిపాప: ఇదే వరుసలో చూడండి. రెండో కన్నూ ఇలాగే చూసి రెండింటినీ పోల్చండి. చివరగా కుక్క వెనక నిలబడి, తల మీదుగా కిందికి చూడండి. ఒక కన్ను రెండోదానికంటే ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే ఎదురునుంచి కంటే ఇలా చూస్తేనే త్వరగా తెలుస్తుంది.

ముసలి కుక్కల కళ్లలో నీలిబూడిద రంగు మసక కనిపిస్తే కంగారు పడకండి. వయసుతో కంటి కటకం గట్టిపడి అలా కనిపించడం మామూలే. అది గడ్డ కాదు. అయితే ఆ మసక ఒక కంటిలోనే ఉన్నా, కొద్ది రోజుల్లోనే వచ్చినా డాక్టరుకు చూపించండి.

2. ఈ గుర్తులుంటే మిగతాది చదవకుండా ఇవాళే బయలుదేరండి

కన్ను తెరవలేక గట్టిగా మూసుకుంటోందా, కార్నియా నీలంగా మబ్బు పట్టిందా, కంటి లోపల రక్తం కనిపిస్తోందా, రెండు కంటిపాపల సైజులో తేడా వచ్చిందా, కన్ను ఉన్నట్టుండి ముందుకు వచ్చిందా, కుక్క గోడలకు తగులుతోందా? ఇందులో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగవద్దు. కంటి లోపలి గడ్డ కంటిలోని ద్రవం బయటికి పోయే దారిని మూసేస్తే లోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా వస్తుంది. ఒత్తిడి బాగా పెరిగితే చూపు పోవడానికి ఒకటి రెండు రోజులు చాలు, ఒక్కోసారి గంటలే. పైగా ఆ నొప్పి తీవ్రంగా ఉంటుంది. కుక్క అరవకపోవచ్చు. తిండి మానేసి, తల వంచుకుని ఒక మూలన పడుకుంటుంది, అంతే.

3. గడ్డ ఎక్కడుందో గుర్తించండి

రెప్ప అంచున. ఎక్కువ కుక్కల్లో కనిపించేది ఇక్కడే. రెప్ప అంచు పొడవునా మైబోమియన్ గ్రంథులు అనే నూనె గ్రంథులు వరుసగా ఉంటాయి. కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడేది వాటి నూనే. వయసు మీద పడిన కుక్కల్లో ఈ గ్రంథుల నుంచి గులాబీరంగు, బూడిదరంగు లేదా నల్లటి కణితులు పుడతాయి. కుక్కల రెప్పల మీద వచ్చే కణితుల్లో ఎక్కువ శాతం ఇలాంటి నిరపాయకరమైనవే, ఇతర అవయవాలకు పాకవు. ఇది నిజంగా ధైర్యం ఇచ్చే మాట. కానీ రెప్పను మెల్లగా వెనక్కి తిప్పి చూడండి. అంచున నువ్వుగింజంత ఉన్నది లోపలి వైపు కందిగింజంత ఉండవచ్చు. ఆ లోపలి భాగమే కార్నియాను రాస్తుంది.

చిన్న వయసు కుక్కల్లో రెండు రకాలు చూస్తాం. ఒకటి వైరస్ వల్ల వచ్చే పులిపిరి. రెండోది హిస్టియోసైటోమా: వెంట్రుకలు రాలి, గులాబీరంగు బొత్తాంలా ఉబ్బుతుంది. రెండూ చాలాసార్లు ఒకటి నుంచి మూడు నెలల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. అయితే కంటిని గీస్తూ ఉంటే అవి తగ్గేదాకా ఎదురుచూసే వీలు లేదు. మాస్ట్ సెల్ కణితి (అలర్జీలో పాల్గొనే కణాల నుంచి పుట్టేది), పొలుసు కణాల క్యాన్సర్, ప్రమాదకరమైన మెలనోమా (రంగునిచ్చే కణాల కణితి) కూడా రెప్పల మీద వస్తాయి. త్వరగా పెరిగేవి, పుండు పడి మానకుండా రక్తం కారేవి, ఒకరోజు ఉబ్బి మరో రోజు తగ్గేవి అయితే సందేహించి తీరాలి.

గడ్డలా కనిపించినా గడ్డ కానివీ ఉన్నాయి. కంటికురుపు ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది, చీము పడుతుంది. నూనె గ్రంథి మూసుకుపోయి ఉబ్బితే రెప్ప లోపలి వైపు పసుపుపచ్చగా నొప్పిలేని బుడిపె కనిపిస్తుంది. దీన్ని కలేజియన్ అంటారు. గ్రంథిలోని కణితి దారి మూసేయడం వల్ల కూడా ఈ ఉబ్బు రావచ్చు కనుక, మళ్లీ మళ్లీ అదే చోట వస్తే కురుపే అని తేల్చేయకండి.

మూడో రెప్ప మీద. ముక్కు వైపు మూలలో ఎర్రటి గుండ్రటి ముద్ద బయటికి వస్తే, కుక్క వయసు ఎంతో ముందు చూడాలి. రెండేళ్లలోపు పిల్ల అయితే, అందులోనూ బుల్‌డాగ్, కాకర్ స్పానియల్, బీగిల్ జాతి అయితే, అది చాలావరకు చెర్రీ ఐ. అక్కడి కన్నీటి గ్రంథి జారి బయటికి వస్తుంది. అది కణితి కాదు, కోసి పారేయకూడదు. కంటి నీటిలో సుమారు మూడో వంతు లేదా అంతకంటే ఎక్కువ ఆ గ్రంథే ఇస్తుంది. తీసేస్తే కన్ను ఎండిపోయి, జీవితాంతం మందు వేయవలసి రావచ్చు. దాన్ని తిరిగి లోపల పెట్టి కుట్టే పద్ధతి ఉంది, అదే అడగండి. ముసలి కుక్కలో కొత్తగా ఇలాంటి ముద్ద వస్తే మాత్రం అది చెర్రీ ఐ అనుకోవద్దు. ఆ గ్రంథిలోనే క్యాన్సర్ పుట్టే అవకాశం ఉంది, ముక్క తీసి పరీక్ష చేయించాలి.

తెల్లగుడ్డూ కార్నియా కలిసే గీత మీద. నల్లటి, కాస్త ఎత్తైన మచ్చ ఇక్కడ కనిపిస్తే అది లింబల్ మెలనోసైటోమా, అంటే ఆ గీత మీద రంగు కణాల నుంచి పుట్టే కణితి, కావచ్చు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్లో ఎక్కువ. దాదాపు ఎప్పుడూ నిరపాయకరమే. చిన్న వయసులో వచ్చినది కార్నియా మీదికి వేగంగా పాకుతుంది. ముసలితనంలో వచ్చినది ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు.

కంటి లోపల. రంగు వలయం మీద చదునైన చిన్న చుక్కలు చాలా కుక్కల్లో ఉంటాయి. ఆ చుక్క ఎత్తు పెరిగినా, వెడల్పయినా, కంటిపాప గుండ్రదనం పోయి ఒక పక్కకు లాగినట్టు కనిపించినా మెలనోమా గురించి ఆలోచించాలి. కుక్కల కంటి లోపల పుట్టే కణితుల్లో ఇదే అన్నిటికంటే సాధారణం. ఎక్కువ భాగం ఒంట్లోకి పాకవు. కానీ కంటిని మాత్రం లోపలినుంచి పాడుచేస్తాయి. లోపల గుండ్రంగా తేలుతూ, వెలుతురు వేస్తే అవతలి వైపు కనిపించే బుడగలు వేరు. అవి నీటి తిత్తులు, చాలావరకు ఏమీ చేయనక్కరలేదు. రెండు కళ్లూ ఒకేసారి ఎర్రబడి మసకబారితే దవడ కింద, మోకాళ్ల వెనక బిళ్లలు (లింఫ్ గ్రంథులు) వాచాయేమో తడిమి చూడండి. లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్ కొన్నిసార్లు ముందు కళ్లలోనే బయటపడుతుంది.

కంటి వెనక. కన్ను వారాల తరబడి మెల్లగా ముందుకు వస్తుంది, మూడో రెప్ప పైకి కనిపిస్తుంది, నొప్పి మాత్రం అంతగా ఉండదు. ఇలా వచ్చేవాటిలో ఎక్కువ క్యాన్సర్లే. ఒకటి రెండు రోజుల్లో ఉబ్బి, నోరు తెరిస్తే విలవిలలాడితే అది చీముగడ్డ కావచ్చు. దానికి చికిత్స వేరు, ఫలితం కూడా చాలా మెరుగు.

4. కొలత రాసిపెట్టండి

ఫోటో ఒక్కటే చాలదు. గడ్డ పక్కన, చర్మానికి తాకకుండా స్కేలు పట్టుకుని ఫోటో తీయండి. తేదీ, మిల్లీమీటర్లు, రంగు, ఏ కన్ను, పై రెప్పా కింది రెప్పా, ముక్కు వైపా చెవి వైపా అన్నవి రాయండి. ఇది నెలల తరబడి ఇంట్లో గమనించడానికి కాదు, డాక్టరుకు చూపించడానికి. అపాయింట్‌మెంట్ రెండు వారాల లోపు ఉండేలా చూసుకోండి.

5. ఈ పనులు చేయవద్దు

గడ్డను గిల్లడం, పిండడం, దారంతో కట్టడం వద్దు. మనుషుల పులిపిరి మందుల్లో ఆమ్లం ఉంటుంది, ఒక్క చుక్క కంట్లో పడితే కార్నియా కాలిపోతుంది. ఇంట్లో మిగిలిన కంటి చుక్కల మందు వేయడం అన్నిటికంటే ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, గడ్డ గీసిన చోట పుండు మానకుండా లోతుగా దిగుతుంది. కన్ను చిల్లిపడిన సందర్భాలూ ఉన్నాయి. ఇబూప్రొఫెన్, పారాసెటమాల్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకు విషం కాగలవు. పుసి తుడవాలంటే కాచి చల్లార్చిన నీటిలో తడిపిన మెత్తటి గుడ్డ చాలు.

6. డాక్టరు దగ్గర ఏమేం జరగాలో తెలుసుకుని వెళ్లండి

మంచి కంటి పరీక్షకు ఒక వరుస ఉంటుంది. ముందు కన్నీటి కొలత: చిన్న కాగితపు పట్టీ రెప్ప కింద ఒక నిమిషం ఉంచుతారు, 15 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ తడిస్తే బాగున్నట్టు. చుక్కల మందు వేస్తే ఈ కొలత తప్పుతుంది కనుక ఇది ముందే చేయాలి. తరువాత ఫ్లోరెసిన్ రంగు వేస్తారు, కార్నియా మీద గీత ఉంటే అక్కడ ఆకుపచ్చగా వెలుగుతుంది. చిట్టి కంట్లో ఆ ఆకుపచ్చ గీత సరిగ్గా గడ్డ ఆనే చోటే నిలువుగా వెలిగింది. అది చూశాక నాకు ఇక ఎవరూ వివరించనక్కర లేకపోయింది. కంటి ఒత్తిడి 10 నుంచి 25 మిల్లీమీటర్ల పాదరసం (mmHg) మధ్య ఉండాలి. కంటి లోపలిది మసకగా ఉంటే అల్ట్రాసౌండ్, కంటి వెనక అనుమానం ఉంటే సీటీ స్కాన్ లేదా ఎంఆర్ఐ అడుగుతారు. క్యాన్సర్ అనుమానం ఉంటే దవడ కింది బిళ్లల పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కూడా అవసరం.

రెప్ప అంచున చిన్న గడ్డ అయితే సూదితో నమూనా తీయకుండా నేరుగా పూర్తిగా తీసి పరీక్షకు పంపడం మామూలే. మాస్ట్ సెల్ అనుమానం ఉంటే మాత్రం ముందు సూది పరీక్ష చేయించడం మంచిది, ఎందుకంటే దాన్ని చుట్టూ ఎక్కువ చర్మంతో కలిపి తీయాలి.

7. ఆపరేషన్ ఎప్పుడు అన్నది కొలతతో తేల్చుకోండి

రెప్పను వెడ్జ్, అంటే V అక్షరం ఆకారంలో కోసి, అంచు సరిగ్గా కలిసేలా రెండు పొరలుగా కుట్టడం సులువైన పద్ధతి. రెప్ప పొడవులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే ఇలా తీయవచ్చు. రెప్ప 30 మిల్లీమీటర్లు అనుకోండి. గడ్డ 3 మిల్లీమీటర్లు ఉంటే, చుట్టూ కాస్త మంచి చర్మం కలిపినా 6 లోపే పోతుంది, కుట్టాక రెప్ప రెప్పలాగే ఉంటుంది. అదే గడ్డ 9 మిల్లీమీటర్లకు పెరిగితే హద్దు దాటుతుంది. పక్క చర్మాన్ని జరిపి కొత్త అంచు కట్టవలసి వస్తుంది. ఆ కొత్త అంచుకు నూనె గ్రంథులు ఉండవు, దాని వెంట్రుకలు కంటికి గుచ్చుకోవచ్చు. నిరపాయకరమైన గడ్డను కూడా చిన్నగా ఉన్నప్పుడే తీయించమనడానికి కారణం ఇదే.

మత్తు ప్రమాదం ఎక్కువ ఉన్న కుక్కలకు ద్రవ నత్రజనితో గడ్డకట్టించే పద్ధతి ఉంది. కొన్నిసార్లు స్వల్ప మత్తుతోనే చేస్తారు. రెప్ప కొద్ది రోజులు బాగా వాస్తుంది, అక్కడి చర్మం, వెంట్రుకలు కొన్ని నెలలు తెల్లబడతాయి. కోతతో పోలిస్తే గడ్డ త్వరగా తిరిగి రావచ్చు. గడ్డకట్టించే ముందు ఒక ముక్క తీసి ఉంచమని అడగండి, లేకపోతే పరీక్షించడానికి ఏమీ మిగలదు. కుక్క ముసలిదనే ఒక్క కారణంతో ఆపరేషన్ వద్దనుకోకండి. రక్తపరీక్ష, గుండె, మూత్రపిండాలు చూసి ఆ మాట డాక్టరు చెప్పాలి.

కంటి లోపలి కణితి విషయం వేరు. చిన్నదై, ఒత్తిడి మామూలుగా ఉంటే మూడు నెలలకోసారి చూస్తూ ఉండవచ్చు. కొన్నిటికి లేజర్ పనికొస్తుంది. కంటిలో రక్తం, తగ్గని నొప్పి, పోయిన చూపు ఉన్నాయంటే కన్ను తీసేయడమే సరైన దారి. ఈ మాట వినగానే మనసు ఒప్పుకోదు. కంటికి రెప్పలా చూసుకున్న ప్రాణికి కన్నే తీసేయడమా అనిపిస్తుంది. కానీ ఆ కన్ను అప్పటికే చూడటం మానేసింది, నొప్పి మాత్రమే పెడుతోంది. కన్ను తీసిన కొద్ది రోజులకే మళ్లీ బొమ్మ నోట కరుచుకుని వచ్చే కుక్కలు ఎన్నో. కుక్క అద్దంలో చూసుకుని బాధపడదు. తీసిన కన్నును కూడా తప్పక పరీక్షకు పంపించండి.

8. ఆపరేషన్ తరువాత

కంటిని గీరుకోకుండా మెడ చుట్టూ కోన్ (గరాటు లాంటి పట్టీ) తొడగడం ఒక్కటి పాటించినా సగం పని అయినట్టే. జాలిపడి తిండి వేళ తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోయిన ఆ పది నిమిషాల్లోనే కుక్క కాలితో గీరుకుని కుట్లు తెంచుకుంటుంది. కుట్లు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు, అంతవరకు రాత్రీ పగలూ కోన్ ఉండాలి. నడిపించేటప్పుడు మెడ పట్టీ కాకుండా ఛాతీ పట్టీ వాడండి, మెడ బిగిస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది.

మందు వేయడానికి కుక్క వెనకనుంచి రండి, ఎదురుగా ట్యూబు తెస్తే అది తల తిప్పేస్తుంది. గడ్డం ఒక చేత్తో పైకెత్తి, రెండో చేతి మణికట్టును దాని నుదుటి మీద ఆనించి, బియ్యపు గింజంత లేపనం కింది రెప్ప లోపల వేయండి. ట్యూబు మొన కంటికి తగలకూడదు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల తరువాత కన్ను కొత్తగా చికిలించడం మొదలుపెడితే, కుట్టు ముడి కార్నియాకు గుచ్చుకుంటోందేమో చూపించండి. కుట్లు విప్పే రోజుదాకా ఆగకండి.

కన్ను తీయించినవారు ఒకటి తెలుసుకుని ఉండాలి: కొద్ది రోజులు ఆ వైపు ముక్కులోంచి రక్తపు ఛాయ ఉన్న నీరు కారవచ్చు. కన్నీటి గొట్టం ముక్కులోకి తెరుచుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. ధారగా కారితే, వాపు పెరిగితే వెంటనే ఫోన్ చేయండి. చూపు లేని వైపునుంచి వచ్చేటప్పుడు ముట్టుకోకముందే పేరు పెట్టి పిలవండి.

9. రిపోర్టు వచ్చాక

కణితి పేరు ఒక్కటే చదివి ఊరుకోకండి. కోసిన అంచుల్లో కణితి కణాలు మిగిలాయా అన్న వాక్యం వెతకండి. మిగిలాయని ఉంటే మళ్లీ కోయాలా, గమనిస్తూ ఉండాలా అని అడగండి. మెలనోమా అయితే కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో కూడా రాసి ఉంటుంది, ప్రమాదం అంచనా వేయడానికి అది ముఖ్యం. ఆ కాగితాన్ని టీకాల పుస్తకంతో కలిపి ఉంచండి.

నూనె గ్రంథి కణితి ఒకసారి వచ్చిన కుక్కకు మరో చోట, మరో రెప్ప మీద కొత్తది రావడం మామూలే. చిట్టికి ఏడాదిన్నర తరువాత కుడి కంటి కింది రెప్ప మీద వచ్చింది. నెలకోసారి కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒక్కో రెప్పా వెనక్కి తిప్పి, పక్కనుంచి టార్చి వేసి చూడటం అప్పటికి మా ఇద్దరికీ అలవాటైంది కనుక 2 మిల్లీమీటర్లు ఉండగానే దొరికింది. మీరూ నెలలో ఒక తేదీ పెట్టుకోండి. ఆపరేషన్ అయిన కన్నుతో ఆపకుండా రెండు కళ్లూ, నాలుగు రెప్పలూ చూడండి.